ముందు యాక్సిల్‌లో కటకట: మినీ ట్రాక్టర్ల మీద మీ ప్రశ్నలు, మేస్త్రి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ముందు యాక్సిల్ మీదే ఉన్నాయి. ఎందుకో తెలుస్తూనే ఉంది, దమ్ములు అయిపోయాయి, నాట్లు పడ్డాయి, ఇప్పుడు బండి కడిగి రోడ్డెక్కించాక గానీ బురదలో వినపడని చప్పుడు చెవిన పడదు. అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచి ఈసారికి ఫోర్ వీల్ మినీ ట్రాక్టర్ల ముందు గేర్లు, బేరింగులు, సీళ్లు (ఆయిల్ బయటికీ, నీళ్లు లోపలికీ పోకుండా ఆపే రబ్బరు రింగులు) వీటి గురించే రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడుగైంది, మిగతా వాళ్లు కూడా అది ముందు చదవండి, మీ జవాబు సగం అందులోనే దొరుకుతుంది.

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారమండి. మాది కోనసీమ. 24 హెచ్‌పీ ఫోర్ వీల్ మినీ ట్రాక్టర్ ఉందండి, కొని ఐదేళ్లు. సార్వాకి, దాళ్వాకి దమ్ము చేస్తాం, మిగతా రోజులు కొబ్బరి తోటల్లో తిప్పుతాం. ఈ మధ్య ఫోర్ వీల్ వేసి ఎడం పక్కకి తిప్పితే ఎడం ముందు చక్రం దగ్గర కటకటమంటోందండి. ఆయిల్ దించితే మజ్జిగలా తెల్లగా వచ్చింది. ఇక్కడ మెకానిక్ యాక్సిల్ మొత్తం అసెంబ్లీయే మార్చేయాలంటున్నాడు. అంత డబ్బు ఇప్పుడు లేదండి. నిజంగా మొత్తం మార్చాలా?

జవాబు: అక్కర్లేదండి, కనీసం విప్పి చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పకూడదు. హౌసింగ్, అంటే బయటి గుల్ల, పగిలిపోతేనో, బేరింగ్ కూర్చునే గూడు అరిగి వదులైపోయి లేత్ మీద కూడా బాగుపడని స్థితికి వస్తేనో అసెంబ్లీ గురించి ఆలోచించాలి. మీరు రాసిన లక్షణాలని బట్టి చూస్తే ఎడం పక్క కింది బెవెల్ గేర్ల (తిరుగుడుని మలుపు తిప్పే ఏటవాలు పళ్ల గేర్లు) జత, దాని పక్కన బేరింగులు, సీళ్లు పోయుంటాయి. అవి విడిగా దొరికే సామానే.

ముందు లోపల ఏముందో చెప్తాను, మీ బండి లాంటి చిన్న ట్రాక్టర్లలో చాలా వాటికి ఇదే పద్ధతి. గేర్‌బాక్స్ నుంచి ఒక షాఫ్ట్ కింద నుంచి ముందుకొచ్చి మధ్యలో ఉన్న చిన్న డిఫరెన్షియల్‌ని (బలాన్ని రెండు పక్కల చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) తిప్పుతుంది, అక్కడి నుంచి అటూ ఇటూ రెండు షాఫ్టులు వెళ్తాయి, యాక్సిల్ చివరకొచ్చాక ఒక బెవెల్ గేర్ల జత ఆ తిరుగుడుని కిందకి మళ్లిస్తుంది, నిలువుగా ఒక షాఫ్ట్ దిగుతుంది, దాని అడుగున పినియన్ అనే చిన్న గేర్, ఆ పినియన్ చక్రం షాఫ్ట్ మీదున్న పెద్ద బెవెల్ గేర్‌ని తిప్పుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు ఈ కింది గేర్లుండే డబ్బా మొత్తం ఆ నిలువు షాఫ్ట్ చుట్టూనే తిరుగుతుంది. అంటే ఆ నిలువు షాఫ్ట్ బేరింగు కాస్త వదులైనా చాలు, చక్రం తిప్పి లోడ్ పెట్టగానే పినియన్ పక్కకి జరిగి పళ్లు నిండుగా కలవకుండా కొనల మీద కొనలు ఎక్కుతాయి. మీరు వింటున్న కటకట అదే. పైగా వేగం బాగా తగ్గి బలం పెరిగేది ముఖ్యంగా ఆఖరి జతలో కాబట్టి ముందు దెబ్బ తినేది కూడా ఆ జతే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఫోర్ వీల్ లివర్ తీసేసినా యాక్సిల్‌లో గేర్లు ఆగవు. చక్రాలు నేల మీద దొర్లుతుంటే అవే లోపలి గేర్లని తిప్పుతూ ఉంటాయి, ఇంజిన్ బలం ఉండదంతే. కాబట్టి ఫోర్ వీల్ వాడటం మానేశాం కదా, పర్వాలేదులే అనుకుంటే కుదరదు, ఆ మజ్జిగ ఆయిల్‌లో బేరింగులు రోజంతా తిరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు ఆ నీళ్లు ఎక్కడివి? ముప్ఫై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నా దగ్గరికి వచ్చిన వాటిలో పళ్లు వాటంతటవి విరిగిన గేర్లు చాలా తక్కువ. ముందు సీలు పోతుంది, సీలు పోయాక నీళ్లు, ఒండ్రు లోపలికి వస్తాయి, అప్పుడు బేరింగ్ తుప్పు పట్టి అరిగి వదులవుతుంది, బేరింగ్ వదులయ్యాకే పళ్లు విరుగుతాయి. విరిగిన గేర్ ఒక్కటీ మార్చి బండి పంపించేస్తే మళ్లీ పంటకి మళ్లీ వస్తుంది. అందుకే గేర్ ఎందుకు విరిగింది అని వెనక్కి వెనక్కి వెతుక్కుంటూ సీలు దాకా వెళ్లాలి, సీలు దగ్గర కూడా ఆగకూడదు, సీలు ఎందుకు పోయిందో కూడా చూడాలి.

మీ విషయంలో రెండు అనుమానాలున్నాయి నాకు. ఒకటి కొబ్బరి పీచు. తోటల్లో తిరిగేటప్పుడు మట్టల నారా పీచూ హబ్ (చక్రం బిగించే భాగం) వెనకాల షాఫ్టుకి చుట్టుకుని, తిరిగి తిరిగి తాడులా బిగుసుకుపోయి సీలు పెదవిని కోసేస్తాయి. మడిలో అయితే వరిగడ్డి, పాత వల ముక్కలు, ప్లాస్టిక్ సంచుల దారాలు. చక్రం విప్పినప్పుడు ముందు అక్కడే చూడండి. రెండోది బ్రీదర్. యాక్సిల్ మీద బొడిపెలాగా ఒక చిన్న మూత ఉంటుంది, కొన్ని బండ్లలో దానికి రబ్బరు గొట్టం పైకి తీసి ఉంటుంది. లోపల వేడెక్కిన గాలి బయటికి పోడానికి, చల్లబడ్డప్పుడు లోపలికి రాడానికి అదొక్కటే దారి. దానికి బురద పట్టి మూసుకుపోయిందనుకోండి, బండి గట్టు మీద నడిచి యాక్సిల్ వేడెక్కి ఉంటుంది, తటాలున చల్లటి మడి నీళ్లలోకి దిగుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, గాలి రావడానికి దారి లేదు కాబట్టి సీలు పెదవి పక్క నుంచి నీళ్లని పీల్చుకుంటుంది. కొత్త సీలు వేసిన పది రోజులకే ఆయిల్ తెల్లబడిందని తిట్టుకుంటూ వచ్చేవాళ్ల బండ్లలో బ్రీదర్ చూస్తే రాయిలా బిగిసి ఉంటుంది.

సరే, విప్పడం. బండి చదునైన గట్టి నేల మీద పెట్టండి, వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు వెయ్యండి, హ్యాండ్ బ్రేకు వెయ్యండి. ముందు యాక్సిల్ మధ్య పిన్ను మీద ఉయ్యాలలా ఊగుతుంది కదా, ఒక చక్రం తీసేస్తే ఒక్కసారిగా వాలిపోతుంది, అందుకని లేపేముందే యాక్సిల్‌కీ ఫ్రేముకీ మధ్య రెండు పక్కలా చెక్క దిమ్మలు గట్టిగా బిగించండి. జాకీతో లేపి ఫ్రేము కింద స్టాండు పెట్టాకే చక్రం నట్లు తియ్యండి, జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కింద చెయ్యి పెట్టొద్దు. ఈ ఒక్క ముక్క పట్టించుకోక వేళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను కాబట్టి చెప్తున్నాను.

చక్రం తీసే ముందు ఒక పరీక్ష చెయ్యండి. లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి, ఇంకొకళ్లని పక్కన కూర్చుని చూడమనండి. చక్రం కదిలి కింది డబ్బా కదలకపోతే చక్రం షాఫ్ట్ బేరింగులు పోయినట్టు. చక్రంతో పాటు డబ్బా కూడా కదులుతుంటే నిలువు షాఫ్ట్ దగ్గర ప్లే, అంటే వదులు, ఉన్నట్టు. విప్పాక ఇది తెలుసుకోవడం కష్టం, విప్పక ముందే చూసుకోవాలి.

ఆయిల్‌ని శుభ్రమైన తట్టలోకి దించి పల్చటి గుడ్డలో వడకట్టండి, అడుగున మిగిలినదాన్ని అయస్కాంతంతో లాగి చూడండి. బూడిదరంగు మెత్తటి పేస్టు కాస్త ఉంటే అది మామూలు అరుగుదల. చేప పొలుసుల్లా పల్చటి ముక్కలొస్తే బేరింగ్ రేసు (గోళీలు దొర్లే రింగు) పెచ్చులు ఊడుతున్నట్టు. మందంగా, ఒక పక్క నున్నగా మెరుస్తూ ఒక పక్క గరుకుగా ఉన్న ముక్కలు పంటివి. అయస్కాంతానికి అంటని పసుపురంగు ముక్కలొస్తే బేరింగ్ లోపల గోళీల్ని పట్టుకుని ఉండే ఇత్తడి కేజ్ పోయుండొచ్చు. విరిగిన పన్ను ముక్కలన్నీ దొరికాయా లేదా పజిల్ పేర్చినట్టు పేర్చి చూసుకోండి, ఒక్క ముక్క లోపల మిగిలినా కొత్త గేర్ కూడా దాంతోనే పోతుంది. దొరక్కపోతే డిఫరెన్షియల్ దాకా విప్పి డీజిల్‌తో కడగాల్సిందే, వేరే దారి లేదు.

డబ్బా మూతలు, బేరింగ్ గూళ్ల దగ్గర పల్చటి రేకు బిళ్లలు వస్తాయి, వాటినే షిమ్ములంటాం. ఇక్కడ మా షెడ్డులో జరిగింది చెప్తాను. పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక రైతు బండికి కొత్త గేర్ల జత, కొత్త బేరింగులు అన్నీ వేశాను, పాత షిమ్ములు ఎక్కడివి అక్కడే పెట్టాననుకున్నాను గానీ కుడిదీ ఎడందీ కలిసిపోయాయి. నెల తిరక్కుండా అదే చోట పళ్లు చితికిపోయి బండి తిరిగొచ్చింది, నాట్లు పడే రోజులు, ఆయన ఏమీ అనలేదు, గట్టు మీద కూర్చుని బండి వంక చూస్తూ ఉండిపోయాడు. సామాను నా డబ్బుతోనే మళ్లీ వేశాను. ఆ రోజు నుంచి ఏ పక్క షిమ్ములు ఆ పక్క తీగకి గుచ్చి, అట్టముక్క మీద ఎన్ని, ఎంత మందం, ఎక్కడివి అని రాసి కడుతున్నాను. మీరు కూడా విప్పేటప్పుడే ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి.

బేరింగుల గురించి. కడిగి, ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిల్ వేసి చేత్తో మెల్లగా తిప్పండి, ఎక్కడైనా గరగరలాడినా పట్టుకున్నట్టు అనిపించినా పక్కన పడెయ్యండి. కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పకండి, గోళీలు ఎగిరి కంట్లో పడతాయి. మజ్జిగ ఆయిల్‌లో నడిచిన బేరింగులు చూడ్డానికి బాగున్నా నేనైతే మళ్లీ వెయ్యను. కొత్తవి కొనేటప్పుడు అంచు మీద నంబరు చూసుకోండి. 6208 అని ఉంటే చివరి రెండంకెలు ఐదుతో హెచ్చించండి, 40, అంటే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు, దాని బయటి కొలత 80, మందం 18. 6207 అయితే 35, 72, 17. నంబరు అరిగిపోయినా వెర్నియర్ పెట్టి కొలిస్తే ఏ నంబరో తేలిపోతుంది. నంబరు తర్వాత ఉండే అక్షరాలు కూడా ముఖ్యమే, రెండు పక్కలా రబ్బరు మూత ఉన్న బేరింగ్ ఇచ్చి ఇదీ ఒకటేలెండి అంటారు, ఆయిల్‌లో తడుస్తూ తిరగాల్సిన చోట మూత లేనిదే వెయ్యాలి. పెద్ద కంపెనీల పేరుతో నకిలీ బేరింగులు బాగా తిరుగుతున్నాయి, పది రూపాయలు ఎక్కువైనా బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో బేరింగులు, సీళ్లు అమ్మే కొట్లు వరసగా ఉంటాయి, కొలతలు చెప్తే చాలు.

ఎక్కించేటప్పుడు సుత్తితో నేరుగా కొట్టొద్దు. షాఫ్ట్ మీదకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి, గూట్లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే పడాలి. తిరగేసి కొడితే ఆ బలం గోళీల మీదుగా పోయి రేసుల మీద సొట్టలు పెడుతుంది, కంటికి కనపడదు గానీ బండి కదలగానే మోత మొదలవుతుంది. సరిపడే పైపు ముక్క పెట్టి ప్రెస్సు మీద నొక్కించండి. బిగుతుగా ఉంటే బేరింగ్‌ని శుభ్రమైన ఆయిల్‌లో 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేస్తే అదే జారుకుంటూ దిగుతుంది. గ్యాస్ కట్టర్ మంట మాత్రం చూపించకండి, 120 దాటితే బేరింగ్ ఉక్కు గుణం దెబ్బతింటుంది.

గేర్లు జతగానే మార్చండి. పినియన్ విరిగింది, పెద్ద గేర్ బానే ఉంది కదా అని పాతదే ఉంచితే అరిగిన పళ్లకీ కొత్త పళ్లకీ పొసగదు. వేశాక పళ్ల మధ్య ఖాళీ చూడాలి. మోడల్‌ని బట్టి మారుతుంది, చిన్న ట్రాక్టర్లలో మామూలుగా 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్యలో ఉంటుంది, మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకే ఖాయం చేసుకోండి. డయల్ గేజ్ ఉంటే ఒక గేర్ కదలకుండా పట్టుకుని రెండోదాన్ని ఊపి చూస్తే ముల్లు చెప్పేస్తుంది. లేకపోతే రేడియో మెకానిక్ దగ్గర టంకం తీగ ముక్క తెచ్చి పళ్ల మధ్య పెట్టి ఒకసారి తిప్పండి, పన్నుకి రెండు పక్కలా నలిగి పల్చబడిన మందాలు మైక్రోమీటర్‌తో కొలిచి కలిపితే ఆ ఖాళీ ఎంతో తెలుస్తుంది. ఖాళీ ఎక్కువుంటే ఒక షిమ్ము చేర్చాలా తియ్యాలా అనేది అది గేర్‌కి ఏ పక్కన ఉందో దాన్ని బట్టి ఉంటుంది, ఒక్కొక్కటీ మార్చి మళ్లీ మళ్లీ కొలవండి, విసుగనిపించినా సరే. ఆ తర్వాత పళ్లకి పల్చగా బ్లూ రంగు రాసి తిప్పితే ఎక్కడెక్కడ రాసుకుంటున్నాయో మచ్చ పడుతుంది, ఆ మచ్చ పంటి మధ్యలో, కాస్త లోపలి సన్న కొన వైపుకి ఉండాలి. మరీ అంచున పడితే ఆ అంచే రేపు విరుగుతుంది.

సీలు దగ్గరికొద్దాం. పాత సీలు తిరిగిన చోట షాఫ్ట్ మీద గోరు పెట్టి గీరండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీలు వేసినా కారుతుంది, ఇక్కడే చాలామంది మోసపోతారు, సీలు నకిలీది అనుకుంటారు. చోటుంటే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కొత్త చోట కూర్చోబెట్టొచ్చు. లేదంటే పల్చటి స్టీలు తొడుగు దొరుకుతుంది, దాన్ని షాఫ్ట్ మీద ఎక్కిస్తే కొత్తదానిలా నున్నగా ఉంటుంది. సీలు పెదవికి గ్రీజు రాసి, నిటారుగా, పెదవి మడత పడకుండా దించండి. చక్రం దగ్గర సీలు ఒక్కటే కాదు, నిలువు షాఫ్ట్ దగ్గర పై డబ్బాకీ కింది డబ్బాకీ మధ్య ఉండే సీలు, ఓ-రింగులు కూడా మార్చండి. దమ్ములో నీళ్లు అక్కడిదాకా వస్తాయి.

బోల్టులు తల మీద 8.8 అని ఉన్నవే వాడండి. 10 ఎంఎం బోల్టుకి సుమారు 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎంకి 80 దాకా బిగువు సరిపోతుంది, పుస్తకంలో వేరేగా ఉంటే అదే పాటించండి. ఆయిల్ పోసేటప్పుడు తొందరపడొద్దు, కొన్ని బండ్లలో మూడు గదులకీ కలిపి ఒకటే ఆయిల్, అది మధ్య నుంచి చివరలకి మెల్లగా పాకుతుంది, పోసి పావుగంట ఆగి మట్టం చూసి మళ్లీ పొయ్యండి. కొన్నింటిలో పక్క డబ్బాలకి విడిగా మూతలుంటాయి. 80డబ్ల్యూ90 గేర్ ఆయిలా, ట్రాన్స్‌మిషన్‌లో పోసే ఆయిలేనా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, పుస్తకం చూసే పొయ్యండి. మొదటి 50 గంటలు తిరగ్గానే ఆ ఆయిల్ దించేసి అయస్కాంతం చూడండి.

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ దగ్గర. 27 హెచ్‌పీ బండి. ముందు టైర్లు అరిగినయని సెకండ్ హ్యాండ్‌ల మంచివి దొరికితే ఏసినం, జర పెద్ద సైజు. అప్పట్నుంచి ట్రాలీ ఏసుకుని మిల్లుకు వడ్లు తోలుతుంటే ముందట గుయ్యిమని మోత వస్తున్నది, ఫోర్ వీల్ లివర్ ఒకోసారి ఎంత గుంజినా రాదు. బేరింగులు మార్పిస్తే పోతదా?

జవాబు: తమ్ముడూ, బేరింగుల మీద డబ్బు పెట్టకముందు ఆ టైర్ల సంగతి చూడు. లివర్ రాకపోవడమే అసలు సంగతి చెప్తోంది, లోపల గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని బిగుసుకుపోయాయి.

ఫోర్ వీల్ ట్రాక్టర్‌లో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఒక్క పిసరు ఎక్కువ వేగంతో తిరిగేలా గేర్లు కుదురుస్తారు, మామూలుగా 1 నుంచి 5 శాతం దాకా. మడిలో ఆ పిసరు తేడా జారిపోతుంది, అందుకే ముందు చక్రాలు లాగుతాయి. తారు రోడ్డు మీద జారడానికి ఉండదు కాబట్టి ఆ తేడా అంతా గేర్ల పళ్ల మీద పడుతుంది. పెద్ద టైరు వేస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

కొలవడం సులువు. వెనక టైరుకీ ముందు టైరుకీ సుద్దముక్కతో గీత పెట్టు. మెత్తటి పొలంలో ఫోర్ వీల్ వేసి తిన్నగా నడుపు, వెనక చక్రం 10 చుట్లు తిరిగేసరికి ముందుది ఎన్ని తిరిగిందో ఒకళ్లు నడుస్తూ లెక్కపెట్టాలి. మళ్లీ అదే చోట లివర్ తీసేసి అంతే దూరం పోయి లెక్కపెట్టు. లివర్ వేసినప్పుడు 17.4, తీసినప్పుడు 16.9 వచ్చిందనుకో, తేడా 0.5, దాన్ని 16.9తో భాగిస్తే దాదాపు 3 శాతం, అంటే బాగుంది. తీసినప్పుడు 16 మాత్రమే వచ్చిందనుకో, 1.4 తేడా, 9 శాతం దగ్గరికి పోయింది, ఆ టైర్లతో ఎన్ని బేరింగులు మార్చినా నిలవవు. వెనక టైర్లు బాగా అరిగినా ఇదే జరుగుతుంది, ముందువి బాగా అరిగితే తేడా తగ్గిపోయి చివరికి ముందు చక్రాలు లాగడం మానేసి అడ్డం పడతాయి. గాలి కూడా చూడు, ముందు రెండు టైర్లలో సమానంగా ఉండాలి.

కంపెనీ సైజు టైర్లు వేయించు. రోడ్డెక్కేముందు లివర్ తీసెయ్యి, రాకపోతే కాస్త వెనక్కి నడిపితే మెలి వదిలి వచ్చేస్తుంది, సుత్తితో కొట్టకు. టైర్లు మార్చాక కూడా గుయ్యిమని మోత ఉంటే అప్పుడు పైన చెప్పినట్టు ఊపి చూసి బేరింగులు తీయించు.

ప్రశ్న: అన్నా, అనంతపురం జిల్లా, చీనీ తోటలు మావి. ముందు గేర్లు పోయినాయని షాపులో చెప్పినారు, సామాను వచ్చేదానికి నెల పడుతుందంట. అంతవరకు ముందుకు పొయ్యే షాఫ్ట్ ఊడదీసి పెట్టుకుని తోలుకోవచ్చా? మా తోట కొంచెం వాలు మీద ఉండాది.

జవాబు: షాఫ్ట్ ఊడదీస్తే ఇంజిన్ బలం ముందుకి పోదు, నిజమే, కానీ పైన రాసినట్టు చక్రాలు లోపలి గేర్లని తిప్పుతూనే ఉంటాయి. విరిగిన ముక్కలు లోపలే ఉంటే నెల రోజుల్లో బాగున్న గేర్లని, బేరింగుల్ని కూడా తినేస్తాయి, ఒక్కోసారి పన్ను ముక్క మధ్యలో ఇరుక్కుని చక్రమే బిగుసుకుపోతుంది, నడుస్తున్న బండి ఒక పక్కకి లాగేస్తుంది. కాబట్టి ముందు విప్పి ముక్కలు తీసి, కడిగి, విరిగిన జత బయట పెట్టేసి, ఆయిల్ పోసి మూసుకుని నడపండి. చక్రం షాఫ్ట్ బేరింగులు బాగుంటేనే సుమా.

వాలు మాట రాశారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఈ చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ఫోర్ వీల్ వేసి ఉంటే బ్రేకు నొక్కినప్పుడు గేర్ల ద్వారా ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి, వాలు దిగేటప్పుడు ఇంజిన్ పట్టు నాలుగు చక్రాలకీ అందుతుంది. షాఫ్ట్ తీసేశాక అది ఉండదు. ఆ నెల రోజులూ మందు ట్యాంకు నింపుకుని గానీ ట్రాలీలో ఎరువు వేసుకుని గానీ వాలు మీదకి పోకండి, చదునులో పని మాత్రం చేసుకోండి.

ప్రశ్న: మేస్త్రి గారూ, మేము అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాం, ఊరి బయట ఐదెకరాలు కొన్నాం, ముందు లోడర్ ఉన్న 25 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ ఉంది. కంకర ఎక్కువ మోస్తాం. కుడి ముందు చక్రం లోపలి పక్క ఆయిల్ కారుతోంది. మా అబ్బాయీ నేనూ కలిసి సీలు మార్చుకుందామని. ఏం చూసుకోవాలి?

జవాబు: చాలా సంతోషమండి, అబ్బాయితో కలిసి చేస్తానన్నారు, చేయించండి. మీకు నీళ్ల సమస్య కాదు, బరువు సమస్య. లోడర్ బకెట్ నిండా కంకర ఎత్తితే ఆ బరువుతో పాటు వెనక నుంచి బండి బరువులో కొంత కూడా ముందు యాక్సిల్ మీదకి వచ్చి పడుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. ఆ బరువుకి చక్రం షాఫ్ట్ బేరింగ్ కొట్టుకుని ప్లే వస్తుంది, షాఫ్ట్ పైకీ కిందకీ ఊగితే సీలు ఎంత కొత్తదైనా పట్టి ఉంచలేదు. సీలు మార్చేముందు పైన చెప్పిన ఊపుడు పరీక్ష తప్పకుండా చెయ్యండి, ప్లే ఉంటే బేరింగులు కూడా తెప్పించుకుని ఒకేసారి వేసేయండి. తర్వాత నుంచి వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్‌కి బరువు తగిలించుకుని పని చెయ్యండి, బకెట్ నిండా ఉన్నప్పుడు నేలకి దగ్గరగా ఉంచుకుని మెల్లగా నడపండి.

లోడర్‌తో నేలని నొక్కి ముందు చక్రాలు పైకి లేపి, అలాగే దాని కింద పని చేస్తుంటారు కొంతమంది. హైడ్రాలిక్ దిగిపోతే బండి మీద పడుతుంది. లేపడానికి వాడుకోండి, కానీ ఫ్రేము కింద స్టాండులు పెట్టి, బండి బరువు వాటి మీద దించాకే చెయ్యి పెట్టండి. మీ దగ్గర టార్క్ రెంచి ఫుట్ పౌండ్లలో ఉంటుంది కాబట్టి నేను పైన రాసిన 45 నుంచి 50 న్యూటన్ మీటర్లంటే దాదాపు 33 నుంచి 37, 80 అంటే దాదాపు 60.

ప్రశ్న: పెద్దగేర్‌కి రెండు పళ్లు విరిగాయి సార్. మా ఊళ్లో లేత్ ఆయన వెల్డింగ్ పెట్టి పళ్లు చెక్కి ఇస్తానంటున్నాడు. కొత్తదానికన్నా చాలా తక్కువలో అయిపోతుంది. చేయించనా?

జవాబు: ముందు యాక్సిల్‌కి మాత్రం వద్దు. ఆ పళ్లు పైన గట్టిగా, లోపల మెత్తగా ఉండేలా వేడి చేసి నీళ్లు పట్టించినవి, వెల్డింగ్ వేడికి పక్క పళ్ల గట్టిదనం కూడా పోతుంది, అతుకు పెట్టిన చోటేమో పెళుసవుతుంది. తిరిగి విరిగేది కూడా లోడ్ మీద, మలుపులోనే. విరిగిన ముక్క ఇరుక్కుంటే స్టీరింగ్ చేతిలో ఉండదు. పాత యాక్సిళ్లు విప్పి అమ్మే చోట అదే మోడల్ గేర్ల జత మంచిది దొరుకుతుందేమో చూడండి, పళ్ల మీద గుంటలు, పెచ్చులు లేకుండా, జతలో రెండూ ఒకే యాక్సిల్‌వి అయ్యుండాలి. అవి వేసినా షిమ్ములు కొత్తగా కొలిచే వెయ్యాలి, మీ పాత షిమ్ముల లెక్క వాటికి పనికిరాదు.